భీముడి పథ్యం

సావనీరుకు ఏదైనా రాసిమ్మని సంపాదక మిత్రుడు నాలుగు రోజులుగా వెంటబడుతున్నాడు. కవిత్వం నాకు రాదు. దేశసమస్యల మీద రాద్దామంటే, వాటి సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ సంచికలోనే నలుగురైనా వుంటారు. "పోనీ, నీకు బాగా తెలిసిందే రాయరా" అన్నాడు. నాకు బాగా తెలిసింది ఒక కుక్క దురద. నవ్వకండి. ఎమ్మెస్సీ రెండేళ్ళలో జువాలజీ పుస్తకాల నుంచి నేను నేర్చుకోలేని పాఠం ఒకటి ఆ దురద నాకు నేర్పింది. ఫీజు మాత్రం గట్టిగానే వసూలు చేసింది. మా నాయనమ్మ ముందు తలెత్తలేని పరిస్థితి తెచ్చింది.

భీముడు మా ఇంటికి 2020 చివర్లో వచ్చాడు. మాది తెనాలి. అవి కరోనా రోజులు. కాలేజీలు మూసేస్తే అందరం ఇళ్ళల్లో పడివున్నాం. నాన్న స్నేహితుడొకాయన ఊరు వదిలి వెళుతూ రెండు నెలల పిల్లను మా అరుగు మీద దింపిపోయాడు. తల్లి లాబ్రడారు, తండ్రి ఎవరో వీధి వీరుడు. వచ్చిన పూటే గిన్నెడు పెరుగన్నం ఊడ్చేసి, ఖాళీ గిన్నెను మూతితో నెట్టుకుంటూ వంటింటి గడప దాకా వెళ్ళాడు. "బకాసురుడి బండెడన్నం కూడా వీడికి చాలేట్టు లేదు" అంటూ నాయనమ్మే ఆ పేరు పెట్టింది.

కుక్కను పెంచడమంటే మా ఇంట్లో దానికి తినిపించడమే. పొద్దున అమ్మ పాలల్లో రొట్టె నానేసి పెట్టేది. మధ్యాహ్నం అన్నంలోకి కోడిముక్కలో, గుడ్డో. సాయంత్రం నాన్న టీ తాగుతూ విసిరే బిస్కట్లు. ఇక రాత్రిది నాయనమ్మ వంతు. తన కంచంలో ఆఖరి నాలుగు ముద్దల పెరుగన్నం వాడి కోసమే మిగిల్చేది. "నాకొకటి, నీకొకటి" అనేదిగాని, తీరా చూస్తే నాలుగూ వాడికే. ఆ నాలుగు ముద్దల కోసం వాడు ఏడున్నరకల్లా ఆమె పీట పక్కన చేరేవాడు. తాతయ్య పోయిన తర్వాత నాయనమ్మ భోజనానికి అంత తోడు ఇంట్లో మేమెవ్వరమూ కాలేకపోయాం. ఈ సంగతి నాకు అప్పట్లో తట్టలేదు.

దురద 2022 వేసవిలో మొదలైంది. ముందు కాళ్ళు నాకడం. పగలంతా నాకి నాకి, వేళ్ళ మధ్య తెల్లని బొచ్చు ఇటుకరంగుకు తిరిగింది. అది రక్తమనుకుని అమ్మ కంగారుపడింది. రక్తం కాదు, ఎడతెగక పడే లాలాజలంలోని వర్ణకం వల్ల అలా రంగు మారుతుందని తర్వాత తెలిసింది. పిమ్మట చెవులు. తల విదిలిస్తే గదంతా పులిసిన పిండి వాసన. చంకల్లో, పొట్టమీద ఎర్రని పొక్కులు. రాత్రిళ్ళు వెనక కాలితో గోక్కుంటుంటే ఆ కాలు తలుపుకు తగిలి టపటపమని శబ్దం. ఆ శబ్దానికి కింది వాటాలో అద్దెకున్నవాళ్ళ పసిపిల్ల లేచి ఏడ్చేది. పిల్ల ఏడిస్తే వాళ్ళు లేచేవాళ్ళు. వాళ్ళు లేస్తే మా నాన్నకు నిద్రపట్టేది కాదు.

ఊళ్ళో కుక్క దురదకు వైద్యం చెప్పలేనివాడు లేడు. చూసినవాళ్ళంతా గజ్జి అని తేల్చేశారు. వేపాకు నూరి రాశాం, పసుపు రాశాం. మా సందు చివర మెకానిక్కు ఒక డబ్బాలో కాలిన ఇంజనాయిలు తెచ్చి, "ఇది ఒళ్ళంతా పట్టించండి, మూడు రోజుల్లో మాయం" అన్నాడు. నాయనమ్మ ఆ డబ్బా వాసన చూసి, "ముందు నువ్వు పట్టించుకోరా నాయనా, నీకు బాగుంటే మా వాడికి పూస్తాం" అంది. ఆ ఒక్కమాటతో భీముడు పెద్ద గండమే తప్పించుకున్నాడు. కాలిన ఇంజనాయిలు చర్మాన్ని కాలుస్తుంది, నాకితే లోపలికిపోయి విషమవుతుంది. అయినా మన ఊళ్ళలో ఇప్పటికీ దాన్ని వైద్యమనే అనుకుంటున్నారు.

తర్వాత ఊళ్ళోనే ఒకచోట ఇంజెక్షన్ చేయించాం. మంత్రం వేసినట్టు తెల్లారేసరికి దురద లేదు. అందరం సంబరపడ్డాం. మూడు వారాలకు మళ్ళీ టపటప. మళ్ళీ ఇంజెక్షన్. డిసెంబరు దాకా అలా నాలుగైనాయి. ఒక్కోసారీ దురద ఆగే రోజులు తగ్గుతున్నాయి, భీముడు మాత్రం మారిపోతున్నాడు. బకెట్టు నీళ్ళు తాగేవాడు, ఇంట్లోనే తడిపేవాడు, పొట్ట జారింది, ఆకలికి అంతులేకుండా పోయింది. అది స్టెరాయిడు. మందుగా దాన్ని నిందించనక్కర్లేదు, సమయానికి ప్రాణం కాపాడే మందే. కాని దురద ఎందుకొస్తున్నదో ఎవరూ అడగకుండా, వచ్చినప్పుడల్లా దాన్నే గుచ్చుకుంటూ పోతే జరిగేది ఇదే.

డిసెంబరు చివర్లో నాన్న ఒక నిర్ణయానికి వచ్చాడు. తెలిసినవాళ్ళకు నిమ్మతోట వుంది, అక్కడ కాపలాకు పంపిద్దామన్నాడు. ఆ తోటకు వెళ్ళిన కుక్కలు ఎన్నాళ్ళుంటాయో మాకు తెలుసు. అమ్మ మాట్లాడలేదు. నేను, "పశువైద్య కళాశాలలో ఒక్కసారి చూపించి, అప్పుడూ కాకపోతే మీ ఇష్టం" అన్నాను. నాన్న కాసేపు ఆలోచించి, "ఉగాది దాకా చూస్తా" అన్నాడు.

2023 జనవరిలో ఆటో మాట్లాడుకుని, విజయవాడ దాటి గన్నవరం వెళ్ళాం. అక్కడ ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల వుంది. చూసిన డాక్టరుగారు ఒకావిడ. ఆమె ముందు కుక్కను ముట్టుకోలేదు, నన్ను ప్రశ్నలడిగింది. ఎన్నో నెలలో మొదలైంది? ఏడాదంతా వుందా, కొన్నాళ్ళే వుందా? ఎక్కడ పడుకుంటాడు? ఏం తింటాడు? నేను "అన్నం, కూర" అన్నాను. "అలా కాదు బాబూ, నోట్లోకి పోయే ప్రతిదీ చెప్పు" అంది. చెబుతూపోతే కాగితం నిండింది. నాకే సిగ్గేసింది.

తర్వాత పరీక్షలు. బ్లేడుతో చర్మాన్ని గీకి మైక్రోస్కోపు కింద చూసింది; గజ్జిపురుగులు లేవు. సన్నపళ్ళ దువ్వెనతో బొచ్చు దువ్వి, రాలిన నల్లని నలుసుల్ని తడికాగితం మీద వేసింది. ఒకటి రెండు నలుసుల చుట్టూ కాగితం ఎర్రబడింది. "మట్టి అయితే రంగు దిగదు. ఇది ఎగిరి దూకే పేలు, అంటే ఫ్లీలు విసర్జించిన రక్తం" అంది. చర్మం మీదా, చెవుల్లోనూ బాక్టీరియా, ఈస్టూ చేరివున్నాయి. కాని అవి అసలు దొంగలు కావట. తలుపు తీసివుంటే దూరినవట. తలుపు తీసింది అలర్జీ.

అలర్జీ అన్న మాటను 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పుట్టించాడని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. శరీరంలోని రక్షణ వ్యవస్థ, హాని చెయ్యని పదార్థాన్ని శత్రువనుకుని దానిమీద యుద్ధానికి పోవడం అలర్జీ. ఇంటి చుట్టాన్ని దొంగనుకుని కాపలావాడు కర్రతీసినట్టన్నమాట. కర్ర దెబ్బలు తగిలేది మాత్రం ఇంటికే. మనిషికైతే తరచు ముక్కు కారుతుంది, తుమ్ములొస్తాయి. కుక్కకు ఎక్కువగా చర్మంలో పైకొస్తుంది.

డాక్టరుగారు మూడు వేళ్ళు చూపించింది. ఒకటి ఫ్లీ కాటు, రెండు తిండి, మూడు పరిసరాలు: ఇంటి ధూళిలోని సూక్ష్మమైన పురుగులు, బూజు, పుప్పొడి. "మీ తెనాలి వాళ్ళకు బస్తాల సంగతి చెప్పాలా? బండి మీద మూడు బస్తాలున్నాయనుకో. ఒక్కోటీ ఎద్దు మొయ్యగలిగిందే. మూడూ కలిస్తే కూలబడుతుంది. అన్నీ దించలేకపోయినా ఒకటి రెండు దించామంటే లేచి నడుస్తుంది" అంది.

మొదటి బస్తా తేలిక. నెలనెలా ఫ్లీల మందు, ఏడాది పొడుగునా. రెండోదే కష్టం. ఏ తిండి పడటంలేదో తేల్చుకోవడానికి రక్తపరీక్ష చేద్దామా అని అడిగాను. తిండి విషయంలో ఆ పరీక్షల్ని నమ్మలేమంది. నమ్మదగిన దారి ఒక్కటే. వాడు పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ తినని మాంసకృత్తు ఒకటి, ఎన్నడూ తినని దుంపో ధాన్యమో ఒకటి. ఎనిమిది వారాలు ఆ రెండే, మంచినీళ్ళే. దురద తగ్గితే, పాత పదార్థాల్ని ఒక్కొక్కటిగా మళ్ళీ పెట్టి చూడాలి. దేనితో దురద తిరిగొస్తే అదే దొంగ.

నాకో సందేహం వచ్చింది. "రెండేళ్ళుగా తింటున్నవి ఇప్పుడెందుకు పడకుండా పోతాయి మేడమ్?" అన్నాను. పరిచయమున్నవాడి మీదనే పగ పుడుతుందట. ఎన్నడూ తిననిదానికి అలర్జీ రావడం అరుదు. తింటూ తింటూ వున్నదానిమీదే ఒకరోజు శరీరం ఎదురు తిరుగుతుంది. లైబ్రరీలో తర్వాత చూశాను. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం ఆహార అలర్జీ వున్న కుక్కల్లో నూటికి ఎనభైకి పైగా ఐదు వారాల్లోనూ, తొంభైకి పైగా ఎనిమిది వారాల్లోనూ తేటపడతాయి. 2016లో మరో సమీక్ష 297 కుక్కల లెక్కలు పోగుచేసింది. గొడ్డుమాంసం 34 శాతం, పాల పదార్థాలు 17, కోడి 15, గోధుమ 13 శాతం కుక్కలకు పడలేదు. ఆ పట్టికలో మూడు మా ఇంట్లో రోజూ వుండేవే.

ఎన్నడూ తిననిదేమిటి? ముల్లు గుచ్చుకుంటుందని భీముడికి చేప ఎప్పుడూ పెట్టలేదు. సంక్రాంతి రోజులు కాబట్టి బజారు నిండా చిలగడదుంపలు. శీలావతి చేప, చిలగడదుంప. అలా నిశ్చయమైంది.

ఇంటికొచ్చి అందర్నీ కూచోబెట్టి ఉపన్యాసమిచ్చాను. ఎలిమినేషన్ డైట్ అన్నాను, ప్రొటీన్ అన్నాను, ఇమ్యూనిటీ అన్నాను. నాయనమ్మ అంతా విని, "అంటే పథ్యమా?" అంది.

"ఆఁ, అదే అనుకో."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. మీ తాతకి కామెర్లొస్తే నలభై రోజులు ఉప్పులేని కూడు పెట్టలా? నా నాలుగు పురుళ్ళకీ పథ్యం వుండలా? కుక్కకి మాత్రం ఎందుకు చెయ్యలేం?"

లంఖణం పరమౌషధం అన్నారుగాని ఆ మాట భీముడికి ఎవరు చెబుతారని నాన్న నవ్వాడు. నాకు లోపల భయం నాయనమ్మ గురించే. ఆ నాలుగు ముద్దలు ఆమె మానగలదా?

జనవరి 20న పథ్యం మొదలుపెట్టాం. నాన్న చేపలు తెచ్చేవాడు. అమ్మ ఉప్పూ కారం లేకుండా ఉడికించేది. ముళ్ళు తీసే పని నాయనమ్మది. ఆమె కళ్ళకు శుక్లాలు, కాని వేళ్ళకు కళ్ళున్నాయి. శీలావతిలో వెంట్రుకల్లాంటి ముళ్ళుంటాయి. ఒక్కటి మిగలకుండా తడిమి తీసేది. రాత్రి ఎన్నిసార్లు గోక్కుంటున్నాడో లెక్కపెట్టమని డాక్టరుగారు చెప్పింది. నాయనమ్మకు ఎలాగూ నిద్ర తక్కువ. మంచం పక్కన ఒక రేకుడబ్బా, గుప్పెడు చింతగింజలు పెట్టుకుంది. వాడు లేచి గోక్కున్నప్పుడల్లా ఒక గింజ డబ్బాలో వేసేది. పొద్దున్నే నేను గింజలు లెక్కపెట్టి నోటు పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. మొదటి రాత్రి ఇరవై మూడు. వారానికి పదహారు. రెండో వారానికి తొమ్మిది. నాన్న కూడా పొద్దున్నే పేపరు చూడకముందు డబ్బా వంక చూసేవాడు.

మూడో వారంలో లెక్క తిరగబడింది. పన్నెండు, పదిహేను, పందొమ్మిది. చంకల్లో మళ్ళీ ఎరుపు. పుస్తకం తిరగేశాను. పొద్దున చేప, దుంప. రాత్రి చేప, దుంప. ఎక్కడా తప్పులేదు. అప్పుడు నా శాస్త్రీయ బుద్ధికి ఒక్కటే సమాధానం తోచింది. వంటింట్లోకి వెళ్ళి, "నాయనమ్మా, వాడికి పెరుగన్నం పెడుతున్నావు కదూ?" అన్నాను.

ఆమె ముళ్ళు తీస్తోంది. తలెత్తి చూసింది. "లేదురా" అంది.

"మరి ఎట్లా వచ్చింది? నీ నాలుగు ముద్దల ముచ్చట కోసం వాణ్ణి తోటలోకి తోలతావా? పథ్యం పథ్యం అన్నావు, నాలుగు రోజులు నోరు కట్టెయ్యలేకపోయావు?" అన్నాను. ఇంకా ఏవో అన్నాను. రాయడానికి మనసొప్పడం లేదు. ఆమె జవాబు చెప్పలేదు. చేతిలో ముక్క పూర్తిగా ఏరి, గిన్నెలో వేసి, చెయ్యి కడుక్కుని లేచివెళ్ళింది. ఆ రాత్రి కూడా చింతగింజలు వేసింది. పొద్దున లెక్కపెడితే పద్దెనిమిది. దొంగతనం చేసినవాడు తన దొంగతనం లెక్క తానే రాసిస్తాడా అన్న ఇంగితం నాకు అప్పటికీ కలగలేదు.

మర్నాడు డాక్టరుగారికి ఫోను చేసి, మా నాయనమ్మ వల్ల పథ్యం చెడిందన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. "యాంటీబయాటిక్ మాత్ర ఇస్తున్నావుగా, దేంట్లో పెట్టి ఇస్తున్నావు?" అని అడిగింది.

నా నోట మాట రాలేదు.

చర్మం మీది బాక్టీరియాకు మూడు వారాలు, పూటకో మాత్ర వెయ్యమని ఆమే రాసిచ్చింది. మొదట్లో నోరు తెరిచి గొంతులో వేసేవాణ్ణి. పది పన్నెండు రోజులకు వాడికి తెలివొచ్చి పళ్ళు బిగించడం నేర్చాడు. అప్పటినుంచి పాలకోవాలో చుట్టి ఇస్తున్నాను. చింతగింజంత కోవా. గుటుక్కున మింగేవాడు. అది నా దృష్టిలో తిండి కాదు, మందు. అందుకే పుస్తకంలో ఎక్కలేదు. పూటకు చింతగింజంత చొప్పున పది రోజులపాటు పాలు పెట్టింది నేను. జువాలజీ చదివింది నేను. నాయనమ్మను దొంగను చేసింది నేను.

"అందరూ చేసే పొరపాటే బాబూ" అంది డాక్టరుగారు. మాంసం రుచి కలిపిన మాత్రలు, నమిలే ఎముకలు, పిల్లలు కింద పడేసే బిస్కట్టు ముక్కలు, అన్నీ తిండి కిందే లెక్కట. అలర్జీకి ఇంతే కదా అన్న మాట లేదట. మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టమంది.

సాయంత్రం అమ్మకు చెప్పాను. అమ్మ నా మొహంలోకి చూడకుండా, "నీకు తెలుసో తెలియదో, అత్తయ్య మూడు వారాలుగా పెరుగు ముట్టలేదు" అంది. వాడు అలవాటుగా పీట పక్కన వచ్చి కూచుంటాడు, వాడి ముందు తను పెరుగు కలుపుకుంటే చెయ్యి ఊరుకోదని, తనే మానేసిందట. చారన్నంతో లేచిపోతున్నదట. డెబ్బైనాలుగేళ్ళ మనిషి, పెరుగు లేకపోతే అన్నం తిన్నట్టుండదనే మనిషి, మాకెవరికీ చెప్పకుండా వాడితోబాటు పథ్యం వుంది.

నాయనమ్మ దగ్గరికి వెళ్ళాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాను. "కోవానంట గదా?" అంది. అమ్మ అప్పటికే చెప్పింది కాబోలు. "తప్పయిపోయింది నాయనమ్మా" అన్నాను. "పోరా. వెళ్ళి మీ నాన్నతో చెప్పు, ఉగాది సరిపోదని. నేను చెప్పమన్నానని చెప్పు" అంది. ఆమె కోపం పోయిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. మాత్రలు చేపముక్కలో దాచడం మాత్రం ఆ పూటే నేర్పింది.

ఫిబ్రవరి 13న మళ్ళీ మొదటి రోజు. శివరాత్రి వెళ్ళింది, ఉగాది వెళ్ళింది. నాన్న గడువు గురించి ఎత్తలేదు. ఏప్రిల్ 10కి ఎనిమిది వారాలు నిండాయి. ఆ పొద్దున డబ్బాలో నాలుగు గింజలున్నాయి. చెవుల వాసన పోయింది, పొట్ట మీద కొత్త బొచ్చు వచ్చింది.

అసలు పరీక్ష అక్కడే. తగ్గిందని ఆగిపోతే, పథ్యం వల్ల తగ్గిందో, కాలం మారి తగ్గిందో తెలియదు. పడదనుకున్నదాన్ని తెలిసి తెలిసి పెట్టి చూడాలి. డాక్టరుగారు ముందు పాలు, పెరుగు మొదలుపెట్టమంది. మర్నాటి రాత్రి నాయనమ్మ పీట వేసుకుని, చాలా రోజుల తర్వాత పెరుగన్నం కలిపింది. నాలుగు ముద్దలు. భీముడు ముద్ద ముద్దకీ ఆమె చెయ్యి నాకాడు. ఆమె ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. మర్నాడు కూడా పెట్టింది. ఆ రెండో రాత్రి టపటప మొదలైంది. తెల్లారి గింజలు పదిహేను. నాయనమ్మ డబ్బా నాకందిస్తూ, "పెరుగేరా. రాసుకో" అంది.

తర్వాత కోడి, గుడ్డు, గోధుమ ఒక్కొక్కటీ రెండేసి వారాలు పెట్టి చూశాం. ఏ ఇబ్బందీ లేదు. పుస్తకాన్ని బట్టి నేను ముందే కోడిని దోషిగా తేల్చేసుకున్నాను. వాడి ఒంటికి ఆ పుస్తకంతో పనిలేదు. ఇప్పుడు అన్నం, కోడి, గుడ్డు తింటాడు. వట్టి చేపా దుంపా ఎల్లకాలం పెడితే కాల్షియం వగైరాలు చాలవు. అది పరీక్షకే తప్ప జీవితానికి కాదని డాక్టరుగారు మొదటే చెప్పింది.

ఇంతటితో కథ సుఖాంతమైతే బాగుండేది. ఆ జూలైలో వానలు పడగానే డబ్బాలో గింజలు మళ్ళీ పెరిగాయి. పాలచుక్క ఇంట్లో వాడి దరిదాపుల్లో లేదు. ఈసారి నేను ఎవర్నీ అనుమానించలేదు. పుస్తకం తీసుకుని గన్నవరం వెళ్ళాను. అది మూడో బస్తా అంది డాక్టరుగారు. భీముడు పడుకునేది పాత గోనెసంచుల మీద, దానిపైన చిరిగిన దూదిపరుపు. మన ఒంటి నుంచీ కుక్క ఒంటి నుంచీ రాలే చర్మపు పొట్టు తిని బతికే ధూళిపురుగులు కంటికి కనపడవు, గాలిలో చెమ్మ పెరిగితే పెరుగుతాయి. వాటికి మేమే మేడ కట్టి ఇచ్చాం.

గోనెలూ పరుపూ తీసేశాం. రెండు దుప్పట్లు పెట్టుకుని వారానికోసారి ఒకటి సలసల కాగే నీళ్ళలో నానేసి ఉతికి ఎండలో ఆరేస్తున్నాం. వారానికోసారి డాక్టరుగారు రాసిచ్చిన షాంపూతో స్నానం. నురగ పట్టించి పది నిమిషాలు ఆగాలి, వేణ్ణీళ్ళు పనికిరావు, చల్లటి నీళ్ళే. బయట తిరిగొచ్చాక పాదాలు తడిగుడ్డతో తుడవాలి. కాలవగట్టున వయ్యారిభామ మొక్కలు విరగబడి వుండే దారి మాని, వేరే దారిన తిప్పుతున్నాం. బాగా ముదిరిన వారాల్లో మాత్రం ఓక్లాసిటినిబ్ అనే మాత్ర, డాక్టరు చెప్పిన మోతాదులో. దురద కబురును నరాలకు అందకుండా ఆపే మందు అది. అమెరికాలో 2013లో కుక్కలకు అనుమతించారు. వీటిలో ఏ ఒక్కటీ రోగాన్ని నయం చెయ్యదు. పరిసరాల అలర్జీ వున్న కుక్కకు సాధారణంగా అది జీవితాంతం తోడుంటుంది. అదుపులో పెట్టుకోవడమే మన పని.

ఇంతకూ నాకు వచ్చిన పాఠం ఏమిటంటారా? ఒకేసారి పది మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదని, ఒక్కొక్కటే మార్చి రాసుకోవాలని ప్రయోగశాలలో మా లెక్చరర్లు చెప్పిందే. అది తెలిసే వుంది. తెలియనిదల్లా, నా చేతిని కూడా ఆ లెక్కలోకి తీసుకోవాలని. పుస్తకంలో అందరి పనులూ రాశాను, నావి తప్ప. మీలో ఎవరింట్లోనైనా కుక్క గోక్కుంటూ వుంటే, ఇంజెక్షను కంటే ముందు ఒక నోటు పుస్తకం కొనండి. అందులో మొదటి పేజీ మీకు కేటాయించుకోండి.

భీముడికి ఐదేళ్ళు దాటాయి. నిమ్మతోట మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. నాయనమ్మ మళ్ళీ పెరుగు తింటోంది, గదిలో తలుపు వేసుకుని. ఆమె తిని వచ్చేదాకా వాడు గడపకు ఇవతల మూతి ఆనించి పడుకుంటాడు. బయటికొచ్చాక వాడి వంతుగా నాలుగు ముద్దలు, గుడ్డు కలిపిన అన్నం. చింతగింజల డబ్బా ఇంకా ఆమె మంచం పక్కనే వుంది. మొన్న ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు పొద్దున్నే లెక్కపెట్టాను. రెండున్నాయి.